ఆహార ఛాయాచిత్రం – ఔచిత్యవిచారం: కొల్లేటిసీమ వంటకాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆహార ఛాయాచిత్రాన్ని మెరుగుపరచడం అనగానే వెలుగు, కూర్పు, వడ్డన అనే మూడు అంశాలు చర్చకు వస్తాయి. వీటిని వంటకానికి అందం తెచ్చే ఉపాయాలుగా మాత్రమే చూడడం వాడుకైంది. ఈ మూడింటినీ క్షేమేంద్రుని ఔచిత్యసిద్ధాంతం వెలుగులో పరిశీలించి, అవి వంటకం గురించి నిజం చెప్పే సాధనాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల ఆహారం ఇందుకు ప్రధాన భూమిక. చేపల పులుసు, తెల్లని అన్నం, అరిటాకు భోజనం, చేపల సంత ఉదాహరణలుగా స్వీకరించబడ్డాయి. ‘మాయాబజార్’ విందు దృశ్యం, మస్తానమ్మ వంటల దృశ్యాలు తులనాత్మకంగా చర్చించబడ్డాయి. క్షేత్రపర్యటన చేసే పరిశోధకులకు ఉపకరించే కొన్ని సూచనలు చివర ఇవ్వబడ్డాయి.

కీలకపదాలు: ఆహార ఛాయాచిత్రం, ఔచిత్యం, వెలుగు, కూర్పు, వడ్డన, కొల్లేరు, చేపల పులుసు, దృశ్యపఠనం.

1. ప్రవేశిక

తెలుగు కావ్యాల్లో భోజనవర్ణనకు దీర్ఘమైన చరిత్ర ఉంది. శ్రీనాథుని శృంగారనైషధంలోని పెళ్ళివిందు, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టిన భోజనం మన విమర్శకులు పలుమార్లు చర్చించిన ఘట్టాలు. ఆముక్తమాల్యదలో ఋతువు మారితే విస్తరి మారుతుంది. వానకాలంలో పెట్టిన వంట వేసవిలో కనిపించదు. వేసవి చల్లదనం చలికాలపు మిరియాల ఘాటుకు చోటిస్తుంది. ఏ పదార్థం ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పెట్టారన్నది తెలియకుండా ఆ వర్ణన రుచించదు. కవి ఆహారాన్ని కాలం నుంచీ, తినేవారి నుంచీ విడదీయలేదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నేడు ఆహారాన్ని వర్ణించే పని చాలావరకు ఛాయాచిత్రానికి దక్కింది. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలను కలుపుతూ సాగే జాతీయ రహదారి పక్కన భోజనశాలల ఫ్లెక్సీలు, ఇంటికి భోజనం తెచ్చే సంస్థల యాప్‌లు, పెళ్ళి ఆల్బమ్‌లు, వాట్సాప్ బృందాలు అన్నీ వంటకాల బొమ్మలతో నిండి ఉన్నాయి. వంటకాన్ని నాలుక కంటే ముందు కన్ను తింటున్న కాలం ఇది. అయినా పద్యాన్ని చదివినంత శ్రద్ధగా ఈ బొమ్మను చదివే అలవాటు మన విమర్శలో ఇంకా స్థిరపడలేదు. ‘బొమ్మ బాగుంది’, ‘నోరూరుతోంది’ అన్న మాటల దగ్గరే మన వ్యాఖ్యానం ఆగిపోతోంది.

ఆహారం ఛాయాచిత్రకళకు కొత్త వస్తువు కాదు. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844–46 మధ్య విడివిడి భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ గ్రంథంలో చివరి చిత్రం పళ్ళబుట్టలదే. ఆహారచిత్రాన్ని సంస్కృతిపాఠంగా చదివిన విమర్శా కొత్తది కాదు. రోలాఁ బార్త్ 1957లో ప్రచురించిన ‘మిథాలజీస్’లో ఒక ఫ్రెంచి మహిళాపత్రికలో వచ్చే వంటకాల రంగుచిత్రాలను పరిశీలించి, నున్నని పైపూతల కింద అసలు పదార్థం దాగిపోతోందని గుర్తించాడు. 1964లో రాసిన ‘రెటరిక్ ఆఫ్ ది ఇమేజ్’ వ్యాసంలో ఒక పాస్తా ప్రకటనను విశ్లేషించి, కొన్ని కూరగాయలు, ఒక వలసంచి, కొన్ని రంగులు కలిసి ‘ఇటలీదనం’ అనే భావాన్ని ఎలా కల్పిస్తాయో చూపాడు. ఆ పరిశీలన మనకొక ప్రశ్నను అందిస్తుంది: ఒక చేపల పులుసు బొమ్మలో ‘కొల్లేటిదనం’ అనేది ఉంటుందా? ఉంటే అది దేనివల్ల ఏర్పడుతుంది?

2. పరిభాష, ప్రమాణం

ఈ వ్యాసంలో మూడు మాటలు పారిభాషికంగా వాడబడ్డాయి. లైటింగ్‌కు ‘వెలుగు’, కంపోజిషన్‌కు ‘కూర్పు’, ప్రజెంటేషన్‌కు ‘వడ్డన’. మూడో మాట ప్రత్యేకంగా గమనించదగినది. ప్రజెంటేషన్ అన్నప్పుడు పదార్థం, దాన్ని చూసేవాడు మాత్రమే స్ఫురిస్తారు. వడ్డన అన్నప్పుడు పెట్టేవారు, తినేవారు, వారిమధ్య మర్యాద కూడా స్ఫురిస్తాయి. ఎవరికి ముందు పెట్టాలి, ఏది ముందు వేయాలి, ఎంత వేయాలి అన్న వివేకం ఆ మాటలోనే ఉంది. అలాగే ‘ఛాయాచిత్రం’ అన్న సమాసంలోని ‘ఛాయ’కు నీడ అనీ, వన్నె అనీ రెండు అర్థాలు. నీడ లేనిదే వన్నె తెలియదన్న సూత్రాన్ని ఆ పదమే గుర్తుచేస్తోంది.

పదకొండో శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని రససిద్ధమైన కావ్యానికి జీవితంగా ప్రతిపాదించాడు. ఎంత విలువైన నగ అయినా తగని చోట ధరిస్తే నవ్వులపాలు చేస్తుందన్నది ఆయన వాదసారం. ఔచిత్యం ఉండవలసిన స్థానాలుగా ఆయన లెక్కించిన వాటిలో అలంకారం, కాలం, దేశం, స్వభావం, అవస్థ, నామం ఉన్నాయి. కావ్యం కోసం చెప్పిన సూత్రాలను ఛాయాచిత్రానికి అన్వయించడం ఎంతవరకు సమంజసమన్న సందేహం కలగవచ్చు. లింగ, వచన, ఉపసర్గాది భాషాస్థానాలను చిత్రానికి అన్వయించే ప్రయత్నం ఇక్కడ చేయలేదు. వస్తువుకూ దాన్ని చూపే తీరుకూ మధ్య పొందికను కొలిచే స్థానాలను మాత్రమే స్వీకరించడం జరిగింది. వెలుగును అవస్థౌచిత్యంతో, కూర్పును దేశౌచిత్యంతో, వడ్డనను అలంకారౌచిత్యంతో, చిత్రం కింది శీర్షికను నామౌచిత్యంతో జోడించి ఈ చర్చ సాగుతుంది.

3. వెలుగు: అవస్థౌచిత్యం

3.1. పులుసుపై తేలిన నూనె

వంటకానికి అవస్థ అంటే దాని పాకస్థితి. చేపల పులుసు ఉడికిందో లేదో చెప్పడానికి వండేవారు చూసే గుర్తు ఒకటి ఉంది: నూనె పైకి తేలడం. చింతపండు పులుసు చిక్కబడి, ఉల్లిపాయ ముద్ద కరిగి, కారం వన్నె పట్టిన నూనె అంచుల వెంట వేరుపడినప్పుడు పులుసు దించడానికి సిద్ధమైనట్టు. ఈ గుర్తు చిత్రంలో కనబడాలంటే వెలుగు ఎటునుంచి రావాలన్నది మొదటి ప్రశ్న.

సెల్‌ఫోన్ ఫ్లాష్ కెమెరా పక్కనుంచే సూటిగా పడుతుంది. అప్పుడు పులుసు ఉపరితలంపై ఒకచోట తెల్లని మచ్చ ఏర్పడి, మిగిలినదంతా చదునైన గోధుమరంగు పూతలా కనిపిస్తుంది. నూనెకూ పులుసుకూ తేడా తెలియదు. చేపముక్క అంచు పులుసులో కలిసిపోతుంది. అదే దాకను వసారాలో, కిటికీకి ఇవతల పెట్టి, వెలుగు దాక వెనుకనుంచి గాని, వెనుక పక్కనుంచి గాని వచ్చేటట్టు చూస్తే నూనెపొర మెరుస్తుంది, పులుసు చీకటిగా నిలుస్తుంది, ముక్క అంచున సన్నని వెలుగుగీత పడుతుంది. పొగ కూడా వెనుకవెలుగులోనే, చీకటి నేపథ్యం ముందే కంటికి ఆనుతుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానమన్న పాఠశాల సూత్రమే ఇందుకు ఆధారం. నూనెపొర అద్దంలా ప్రవర్తిస్తుంది కాబట్టి వెలుగు దానిమీద పడి కెమెరావైపు జారే దిశలో ఉండాలి.

ఈ మార్పువల్ల బొమ్మ అందంగా ఉంటుందన్నది నిజమే. అంతకంటే ముఖ్యంగా, పులుసు ఉడికిందన్న వాస్తవం అందులో కనబడుతుంది. తెలిసిన గృహిణి ఆ బొమ్మ చూసి పాకం కుదిరిందో లేదో చెప్పగలదు. ఫ్లాష్ వేసిన బొమ్మలో ఆ సమాచారం చెరిగిపోతుంది. అందువల్ల వెలుగు దిశను ఎంచుకోవడం అవస్థౌచిత్యానికి సంబంధించిన విషయమని చెప్పవచ్చు.

3.2. తెల్లని అన్నం, నల్లని పులుసు

ఈ సీమ ప్రధానాహారం వరి అన్నం. ఒకే పళ్ళెంలో తెల్లని అన్నమూ, ముదురురంగు పులుసూ పక్కపక్కన ఉండడం కెమెరాకు కఠినమైన పరీక్ష. కెమెరాలోని వెలుగుమాపకం తాను చూసేదంతా నడిమి బూడిదవన్నె అని భావించి లెక్కిస్తుంది. చట్రం నిండా అన్నముంటే అది బూడిదరంగుకు దిగిపోతుంది. చట్రం నిండా పులుసుంటే అది వెలిసిపోతుంది. అన్నం తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కొద్దిగా పెంచడం, పులుసు తీసేటప్పుడు కొద్దిగా తగ్గించడం అవసరం. రెండూ కలిసి ఉన్నప్పుడు వెలుగును మెత్తబరచడమే మార్గం. కిటికీకి పలచని తెల్లపంచె కట్టి, ఎదురువైపు మరో తెల్లబట్ట పట్టుకొంటే నీడలు తేలికపడతాయి. అన్నం మెతుకుమెతుకుగా విడివడిందా, ముద్దగా ఉందా అన్నది ఆ మెత్తని పక్కవెలుగులోనే తెలుస్తుంది. వరి పండే డెల్టాలో అన్నాన్ని బూడిదకుప్పలా చూపే చిత్రం ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా అనుచితమే.

రంగుల విషయంలో మరో చిక్కు ఉంది. మిట్టమధ్యాహ్నపు పగటివెలుగు ఉష్ణవర్ణమానం సుమారు 5500 కెల్విన్లు. పాతతరం బల్బుల వెలుగు సుమారు 2700 నుంచి 3000 కెల్విన్లు. అది పసుపు వన్నె పూస్తుంది. చెట్టునీడ నీలిఛాయ తెస్తుంది. గదిలో బల్బు వెలిగించి కిటికీ కూడా తెరిచి ఉంచితే అన్నం ఒకవైపు పసుపుగా, ఒకవైపు నీలంగా కనిపిస్తుంది. ఏదో ఒక్క వెలుగునే ఉంచి మిగిలినవి ఆర్పివేయడం దీనికి సులభమైన పరిష్కారం.

3.3. సంతలోని టార్పాలిన్

చేపల సంతలో చిత్రాలు తీసే పరిశోధకులు గమనించవలసిన అంశం టార్పాలిన్ రంగు. చేప తాజాదనానికి గుర్తులు మొప్పల ఎరుపు, కంటి స్వచ్ఛత. నీలిరంగు టార్పాలిన్ కింద మొప్పలు నల్లబడినట్టు, ఎర్రని గుడ్డ కింద ఉన్నదానికంటే ఎర్రగా కనిపిస్తాయి. తాజా చేపను పాతదిగా, పాతదాన్ని తాజాగా చూపగల శక్తి పైకప్పు రంగుకు ఉందన్నమాట. చేపను పక్కన బయటి వెలుగులోకి తెప్పించి, వీలైతే ఒక తెల్లకాగితాన్ని కూడా చట్రంలో చేర్చి తీస్తే తర్వాత రంగును సరిచూసుకొనే అవకాశం ఉంటుంది. ఇదే సూత్రం తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లోనూ వర్తిస్తుంది. ఉల్లి పైపొర పలచన, వెలుగును పోనిస్తుంది. వెనుకనుంచి వెలుగు తగిలితే ఆ పొర ఈనెలు, ఎండిన తీరు తెలుస్తాయి. ఎదురువెలుగులో అది వట్టి గులాబిరంగు ఉండ.

4. కూర్పు: దేశౌచిత్యం

కూర్పు అంటే చట్రంలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు, ఏ కోణం నుంచి చూడాలి అన్న నిర్ణయం. ఆహారచిత్రాల్లో సాధారణంగా మూడు కోణాలు వాడుతారు. నిట్టనిలువుగా పైనుంచి చూడడం మొదటిది. కూర్చొని తినేవారి చూపుకు దగ్గరగా సుమారు 45 డిగ్రీల వాలు రెండోది. పళ్ళెం అంచు మట్టం నుంచి చూడడం మూడోది. ఈ మూడింటిలో ఏది గొప్పదన్న ప్రశ్న అర్థరహితం. ఏ వంటకం నిర్మాణం ఏ దిశలో ఉందన్నదే ప్రశ్న.

అరిటాకు భోజనం వెడల్పుగా పరుచుకొన్న రచన. పచ్చడి, కూర, పప్పు, అన్నం ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయన్నదే అక్కడ ముఖ్యం. కనుక పైనుంచి తీసిన చిత్రం దానికి తగినది. పులుసుకు లోతు, ఉపరితలం రెండూ ఉన్నాయి. దాక అంచు, నూనెతెట్టు, పైకి తేలిన ముక్క కలిసి కనబడాలంటే వాలుకోణం కావాలి. పొరలు పొరలుగా పేర్చిన పూతరేకుల వంటి వాటికి పక్కనుంచి చూసే కోణం నప్పుతుంది. పులుసుదాకను పైనుంచి తీస్తే అది గోధుమరంగు వృత్తం. ఆకుభోజనాన్ని పక్కనుంచి తీస్తే అది అన్నపురాశి వెనుక దాగిన కూరల గుంపు.

దేశౌచిత్యానికి ఆకు దిశ మంచి ఉదాహరణ. మన ఆచారంలో అరిటాకు కొస తినేవారి ఎడమచేతివైపు ఉంటుంది. పుట అమరికకు కుదరడం లేదని చిత్రాన్ని కుడిఎడమలు తిప్పి ముద్రిస్తే కొస కుడివైపుకు పోతుంది. తినే చెయ్యి కనిపిస్తున్న చిత్రమైతే కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది. సాంకేతికంగా అది ఒక్క మీట నొక్కడమే. సాంస్కృతికంగా అది మొలనూలును మెడలో వేయడం వంటిది. ఇటువంటి తప్పు బయటి పాఠకునికి తెలియకపోవచ్చు. ఆ విస్తరిలో తిన్నవారికి మొదటిచూపులోనే తెలుస్తుంది.

స్టీలు పళ్ళెం కూడా ఈ ప్రాంతపు వాస్తవం. అది చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ, కెమెరా పట్టిన మనిషితో సహా, ప్రతిఫలిస్తుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి చాలామంది నల్లరాతి పలకనో, ముడి చెక్కబల్లనో తెచ్చి దానిమీద పులుసు పెడుతున్నారు. ఇంటింటా కంచంలో తినే పదార్థాన్ని ఎవరూ తినని రాతిపలకపై చూపడం సమస్యకు పరిష్కారం కాదు. కెమెరాను కొద్దిగా పక్కకు జరిపి, పళ్ళెం ఎదుట తెల్లబట్టను అడ్డుపెడితే ఆ లోహం మెత్తని తెల్లదనాన్నే ప్రతిఫలిస్తుంది. పళ్ళెం మారనక్కర లేదు, కోణం మారితే చాలు.

చట్రం అంచుల విషయంలోనూ ఇదే వివేకం పనికివస్తుంది. పులుసుదాక పక్కన చింతపండు, మెంతులు, ఎండుమిర్చి చల్లడం నేటి ఫ్యాషన్. బార్త్ చెప్పిన పాస్తా ప్రకటనలోని వలసంచి చేసిన పనే ఇవి చేస్తాయి. ఒక ‘పల్లెదనాన్ని’ కల్పిస్తాయి. వంటలో నిజంగా పడిన దినుసులైతే వాటికి సమాచారవిలువ ఉంది. రంగు కోసం తెచ్చిన ఎర్రమిరప గుత్తి, వంటలో పడని నిమ్మచెక్క ఆ వంటకం గురించి అసత్యం చెబుతాయి.

5. వడ్డన: అలంకారౌచిత్యం

క్షేమేంద్రుడు అలంకారాన్ని నిరాకరించలేదు. అర్థానికి తగిన అలంకారం కావ్యాన్ని ప్రకాశింపజేస్తుందన్నాడు. ఆహారంలోనూ వడ్డనకు అలంకారవిలువ ఉంది. పప్పుమీద నెయ్యి వేయడం, పెరుగువడపై కొత్తిమీర చల్లడం అలంకారాలే. తినేటప్పుడు రుచిలో కూడా కలుస్తాయి. చేపల పులుసుపై దట్టంగా కొత్తిమీర పరిచి, మధ్యలో ఉల్లిచక్రాలు నిలబెట్టినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. పాకానికి గుర్తయిన నూనెతెట్టు ఆ పచ్చదనం కింద దాగిపోతుంది. ఏ గుర్తు కనబడాలని వెలుగును మార్చామో ఆ గుర్తునే అలంకారం మూసివేస్తుంది. అలంకారం అర్థాన్ని కప్పివేయడం అంటే ఇదే.

వడ్డనలో అసత్యం ఎంతదూరం పోగలదో చెప్పే ప్రసిద్ధ ఉదంతం అమెరికాలో జరిగింది. క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనల చిత్రీకరణలో కూరగాయ ముక్కలు అడుగుకు దిగిపోకుండా గిన్నెలో గాజు గోళీలు వేశారు. ముక్కలు పైకి తేలి, సూప్ నిండా కూరగాయలే ఉన్నట్టు కనిపించాయి. 1970లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ పద్ధతిని కట్టడిచేస్తూ సమ్మతి ఉత్తర్వు ఇచ్చింది. అందులో ప్రతి ముక్కా నిజమైనదే. ముక్కల పరిమాణం గురించి కలిగిన భావన మాత్రం అబద్ధం. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనను నిర్వచించింది. చట్టం చివరి హద్దును మాత్రమే గీస్తుంది. ఆ హద్దుకు ఇవతల ఎంతవరకు అలంకరించవచ్చన్నది ఔచిత్యం నిర్ణయించవలసిన విషయం.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. వ్యాపారచిత్రం పని ఆకలి పుట్టించడమే గాని సాక్ష్యం చెప్పడం కాదన్నది ఆ ఆక్షేపణ. ఇది కొంతవరకు అంగీకరించదగినదే. ఫ్లెక్సీపై బొమ్మను పరిశోధనపత్రంలోని బొమ్మతో సమానంగా తూచలేం. కాని ఆకలి అనేది కూడా ఒక నిరీక్షణ. బొమ్మలో నాలుగు ముక్కలు తేలుతూ కనిపించి, గిన్నెలో రెండే వస్తే ఆ నిరీక్షణ భంగమవుతుంది. రసభంగానికి అనౌచిత్యమే ప్రధాన కారణమని ఆనందవర్ధనుని కాలం నుంచీ ఆలంకారికులు చెబుతున్నారు. ఆకలి విషయంలోనూ అది వర్తిస్తుంది. చిన్న భోజనశాల యజమానికి తన గిన్నెలో వచ్చే పులుసునే మంచి వెలుగులో చూపడం దీర్ఘకాలంలో లాభించే మార్గం.

6. రెండు తెలుగు దృష్టాంతాలు

6.1. ‘మాయాబజార్’ విందు

1957లో విడుదలైన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు పెళ్ళివంటలన్నీ ఆరగించే దృశ్యం తెలుగువారి దృశ్యస్మృతిలో స్థిరపడిన ఆహారచిత్రణ. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం. ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి.రంగారావు జన్మస్థలమైన నూజివీడు నేడు ఏలూరు జిల్లాలో ఉంది. ఆ దృశ్యం నలుపు తెలుపుల్లో తీయబడింది. లడ్డూ పసుపు, గారె ఎరుపు, ఆకు పచ్చదనం ఏవీ ప్రేక్షకునికి అందవు. అయినా అది నోరూరించింది. రంగు లేనిచోట లడ్డూ గుండ్రదనం, రాశి ఎత్తు, పళ్ళెం మెరుపు వెలుగునీడల వల్లనే తెలియాలి. అంతకుమించి ఆ దృశ్యంలో తినేవాడున్నాడు. గిన్నెలు కదలడం, లడ్డూలు ఎగిరి నోట్లో పడడం అద్భుతమే అయినా, వాటన్నిటి గమ్యం రంగారావు ముఖంలోని తృప్తి. 2010లో ఈ చిత్రం రంగుల్లో విడుదలైంది. రంగు వచ్చినందువల్ల పదార్థాల గుర్తింపు సులభమైందే గాని, ఆ దృశ్యపు ఆకలి అప్పటికే వెలుగునీడలతో, కూర్పుతో సిద్ధించి ఉంది. రంగు గాఢతను పెంచితే చాలు బొమ్మ బాగుపడుతుందని భావించే నేటి ఫోన్ యుగానికి ఇది మంచి పాఠం.

6.2. మస్తానమ్మ వంటలు

గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మ ‘కంట్రీ ఫుడ్స్’ యూట్యూబ్ చానల్ ద్వారా ప్రపంచానికి పరిచయమైంది. నూరేళ్ళు పైబడిన వృద్ధురాలిగా పేరొందిన ఆమె 2018 డిసెంబరులో మరణించింది. ఆమె వంట ఆరుబయట, పొలాల నడుమ సాగింది. కృత్రిమ దీపాలు లేవు, రాతిపలకలు లేవు. కెమెరా ఆమె కూర్చున్న మట్టానికి దిగి, పొయ్యినీ చేతులనూ దగ్గరగా చూసింది. గోటితో అల్లంతొక్క తీసే వేళ్ళు అందులో పదార్థంతో సమానమైన ప్రాధాన్యం పొందాయి. ప్రకటనచిత్రంలో సాధారణంగా తెగిపోయేవి ఈ చేతులే. బొమ్మ నుంచి వండే చేతిని తొలగించినప్పుడు వంటకం తనంత తానే పుట్టినట్టు కనిపిస్తుంది. మస్తానమ్మ దృశ్యాల్లో ఔచిత్యం ఆ చేతిని నిలిపి ఉంచడం వల్ల సిద్ధించింది. అయితే నడినెత్తి ఎండలో తీసిన భాగాల్లో గిన్నె లోపలి భాగం చీకటిలో మునగడం ఆరుబయట చిత్రీకరణకు సహజమైన పరిమితి. సహజమైన వెలుగు అన్నంతమాత్రాన అది ఉచితమైన వెలుగు కాదు. వేళ కూడా కుదరాలి. ఉదయం తొమ్మిది, పది గంటల ఏటవాలు ఎండ, లేదా పందిరినీడ గిన్నెలోపలికి చూపును పోనిస్తుంది.

7. నామౌచిత్యం: ‘కొల్లేటి చేప’ అన్న శీర్షిక

వెలుగు, కూర్పు, వడ్డన మూడూ కుదిరిన చిత్రం కూడా చెప్పలేని విషయం ఒకటుంది: ఆ చేప ఎక్కడిది? కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీటిని స్వీకరించి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే మంచినీటి సరస్సు. 1999లో అయిదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యం లోపలి చేపలచెరువుల గట్లు తెగగొట్టబడ్డాయి. సరస్సు చుట్టూ ఉన్న చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచి, మంచుగడ్డలతో కలిపి పెట్టెల్లో నింపి లారీలపై దూరరాష్ట్రాలకు పంపడం ఈ సీమ ఆర్థికజీవనంలో పెద్దభాగం. కొరమేను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె వంటివి ఈ నీటి సహజసంపద.

భోజనశాల పట్టికలో ‘కొల్లేటి చేపల పులుసు’ అన్న పేరు కింద ఒక నున్నని ముక్క బొమ్మ ఉంటుంది. అది మేతవేసి పెంచిన చెరువుచేపా, సరస్సులో వలకు పడిన చేపా అన్నది బొమ్మ చెప్పదు. పెంపకపు చేప తక్కువదని ఈ వ్యాసం అభిప్రాయం కాదు. దానిమీద వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. రెండింటినీ ఒకే పేరు, ఒకే బొమ్మ కప్పివేయడమే చర్చనీయాంశం. సరస్సు కుంచించుకుపోతున్నా బొమ్మలో ‘కొల్లేరు’ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది. పోయినదాన్ని పోయిందని తెలియనివ్వకపోవడం అందమైన చిత్రానికి ఉన్న ప్రమాదకరమైన శక్తి. కొల్లేటి పల్లెల బతుకును, సరస్సు క్షీణతను అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో నమోదు చేశాడు. నవల కథనంతో చేసిన పనిని ఛాయాచిత్రం తనకు తానుగా చేయలేదు. దానికి పేరు తోడు కావాలి. చేప రకం, పట్టిన చోటు, నెల, వండిన పద్ధతి తెలిపే రెండు వాక్యాల శీర్షిక చిత్రాన్ని సాక్ష్యంగా మారుస్తుంది. క్షేమేంద్రుడు నామాన్ని ఔచిత్యస్థానంగా లెక్కించడంలోని దూరదృష్టి ఇక్కడ బోధపడుతుంది.

8. పరిశోధకులకు సూచనలు

జానపద విజ్ఞానం, మాండలికం, వృత్తిపదజాలం వంటి రంగాల్లో పరిశోధించేవారు ఆహారచిత్రాలను సిద్ధాంతవ్యాసం అనుబంధంలో చేర్చడం పరిపాటి. ఆ చిత్రాల్లో ఫ్లాష్ మచ్చ, మసక, శీర్షిక లేమి తరచు కనిపిస్తాయి. మాండలికపదాన్ని ఉచ్చారణతో సహా నమోదుచేసే శ్రద్ధ ఆ పదం సూచించే వంటకం బొమ్మపట్ల కూడా అవసరం. పై చర్చ ఆధారంగా ఈ క్రింది సూచనలు చేయవచ్చు.

1. ఫ్లాష్ ఆర్పి, తలుపు లేదా కిటికీ దగ్గర పక్కవెలుగులో గాని వెనుకవెలుగులో గాని తీయాలి. చెయ్యి వణికే అవకాశం ఉంటే ఫోన్‌ను చెంబుకో, పుస్తకాల దొంతికో ఆనించాలి.

2. ప్రతి వంటకానికి కనీసం మూడు చిత్రాలు కావాలి: పైనుంచి ఒకటి, వాలుకోణంలో ఒకటి, వండే చేతులతో ఒకటి.

3. ఫోన్‌ను మరీ దగ్గరకు చేర్చితే పళ్ళెం అంచులు సాగినట్టు వస్తాయి. కొంత వెనక్కి జరిగి రెండింతల లెన్స్ ఉంటే దాన్ని వాడాలి. నేపథ్యాన్ని కృత్రిమంగా మసకబరచే పోర్ట్రెయిట్ పద్ధతి గిన్నె అంచును, పొగను చెరిపివేస్తుంది కనుక అది వద్దు.

4. ఒక చిత్రంలోనైనా తెల్లకాగితం, కొలత తెలిపే గరిటె వంటి పరిచిత వస్తువు ఉండాలి.

5. ఇంటివారు తినే కంచం, ఆకు, పీట మార్చకూడదు. శుభ్రపరచడం ఔచిత్యం, మార్చడం కల్పన.

6. వండినవారి అనుమతి తీసుకోవాలి. చిత్రాన్ని కుడిఎడమలు తిప్పకూడదు. రంగు సవరించినట్లయితే ఆ సంగతి శీర్షికలో తెలపాలి.

9. ముగింపు

ఆహార ఛాయాచిత్రంలో వెలుగు వంటకం అవస్థను, కూర్పు దాని దేశాన్ని, వడ్డన దాని మర్యాదను వెల్లడిస్తాయి. ఈ మూడింటినీ మెరుగుపరచడం అంటే వంటకంలో లేనిదాన్ని తెచ్చిపెట్టడం కాదని, ఉన్నదాన్ని కనబడనివ్వడమని పై పరిశీలన వల్ల తెలుస్తోంది. పులుసుపై తేలిన నూనె, అరిటాకు కొస, అల్లంతొక్క తీసే గోరు వంటి చిన్న వివరాల్లో ఒక సీమ ఆహారజ్ఞానం నిక్షిప్తమై ఉంది. అరువుతెచ్చిన చీకటి నేపథ్యాలు, అనవసరపు అలంకరణ ఆ జ్ఞానాన్ని మొదట దాచి, క్రమంగా మరపిస్తాయి.

బొమ్మ కుదిరినంతమాత్రాన దాని బాధ్యత తీరదని నామౌచిత్యచర్చ స్పష్టం చేస్తోంది. కొల్లేటి వంటి మారుతున్న జలసీమలో నేడు తీసిన ఒక పరిగెల పులుసు చిత్రం, సరైన వెలుగుతో, సరైన పేరుతో భద్రపరచబడితే, రేపటి పరిశోధకునికి ఆకరమవుతుంది. పేరులేని అందమైన బొమ్మ అతనికి దేనినీ రుజువు చేయదు. మిఠాయిలు, పిండివంటలు, దేవాలయ ప్రసాదాలు, ఎండుచేపలు మొదలైన వాటి దృశ్యచిత్రణను ఇదే ఔచిత్యదృష్టితో విడివిడిగా పరిశీలించడానికి అవకాశం ఉంది.